ప్రిన్సిపాల్‌గారి గది తలుపు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద పరీక్షల రోజులలో ఇంటి వాతావరణం ఎలా ఉండాలో వ్రాశాను. దానిపై వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను ఇరకాటంలో పెట్టింది. వ్రాసినవారు ఒక ఉపాధ్యాయురాలు. "పిల్లల మనస్సు గురించి వ్రాశారు, తల్లిదండ్రుల మనస్సు గురించి వ్రాశారు. ఆ ఇరువురి మధ్యా రోజుకు ఆరు గంటలు నిలబడి మాట్లాడేవారికి కూడా ఒక మనస్సు ఉంటుందని మీకు తోచలేదా మేడమ్?" అని అడిగారు. ముప్ఫై ఏళ్ళకు పైగా సుద్దముక్క పట్టిన దానను. ఆ మాట నాకు తోచకపోవటం తప్పే. కనుక ఈ నెల ఉపాధ్యాయుల గురించి, వారి సంతృప్తి, అసంతృప్తి చాలావరకు ఎవరి చేతిలో ఉంటాయో ఆ వ్యక్తి గురించి ముచ్చటించుకుందాం.

మా సెక్టర్ 4లో మధ్యాహ్నం బడి విడిచే వేళ వీధి మలుపులో కాసేపు నిలబడి చూడండి. ఒక ఉపాధ్యాయురాలు చేతి సంచీలో దిద్దవలసిన కాపీల బరువుతో, ప్రక్కన సైకిలు నడిపించుకుంటూ వస్తున్న కుర్రవానికి ఏదో లెక్క నోటితోనే వివరిస్తూ వెళుతూ ఉంటారు. వెనుకనే మరొకరు ఎవరినీ చూడకుండా, ఎవరి కంటా పడకుండా, త్వరగా ఇల్లు చేరితే చాలునన్నట్లు నడిచిపోతారు. ఇరువురి అర్హతలు ఒకటే, సర్వీసు ఇంచుమించు ఒకటే, తరగతిలో పిల్లల సంఖ్యా ఒకటే. పనిచేసే పాఠశాలలు మాత్రమే వేరు. ఉపాధ్యాయుల నడకను బట్టి వారి ప్రిన్సిపాల్ ఎటువంటివారో చెప్పవచ్చునని నేను హాస్యానికి అంటూ ఉంటాను. ఆ హాస్యంలో కొంత నిజం లేకపోలేదు.

భిలాయి చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఫర్నేసుతో పాటు ఊరూ లేచింది. సెక్టర్ల వారీగా క్వార్టర్లు, క్వార్టర్ల నడుమ బజారు, ఆట స్థలం, బడి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి రైలెక్కి వచ్చిన మన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, పనిమనిషితో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పిల్లలు పెరిగారు. స్టాఫ్ రూమూ అటువంటిదే. ఒక బల్ల చుట్టూ బెంగాలీ, మలయాళీ, తెలుగు, మరాఠీ, ఛత్తీస్‌గఢీ టిఫిన్ డబ్బాలు తెరుచుకొనేవి. ఇన్ని భాషల మనుషులను ఒక్క తాటిపై నడపటం ప్రిన్సిపాల్ పని. ఆ పనికి ప్రత్యేకమైన శిక్షణ ఏదీ ఉండేది కాదు. బాగా పాఠం చెప్పేవారికి సీనియారిటీ వచ్చినపుడు పాఠం మానిపించి ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఈ వింత ఒక్క భిలాయిదే కాదు, దేశమంతటా ఇదే పద్ధతి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. టౌన్‌షిప్ పాఠశాలలో పనిచేసే సంస్థ ఉద్యోగికి జీతం ప్రిన్సిపాల్ ఇవ్వరు. క్వార్టరు ఇవ్వరు. సెక్టర్ 9 ఆసుపత్రిలో వైద్యం వారి దయ కాదు. ఇవన్నీ నియమాల ప్రకారం సంస్థ నుండి వస్తాయి. మరి ప్రిన్సిపాల్ చేతిలో ఉన్నదేమిటి? టైమ్‌టేబుల్ ఉన్నది. ఎవరికి ఏ తరగతి అన్న నిర్ణయం ఉన్నది. ఎవరైనా సెలవు పెట్టిన రోజున అరేంజ్‌మెంట్ పీరియడ్ ఎవరి నెత్తిన వేయాలన్న అధికారం ఉన్నది. వీటన్నిటికంటె మిన్నగా ఒక మాట ఉన్నది: అనదలచుకుంటే మంచిమాట, లేకుంటే చెడ్డమాట. చూడబోతే ఇవి చిన్న విషయాలు. ఉపాధ్యాయుని రోజు మొత్తం ఈ చిన్న విషయాలతోనే నిండి ఉంటుంది.

ఉద్యోగ సంతృప్తిపై పరిశోధన చేసిన ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక గ్రంథం ప్రకటించారు. పిట్స్‌బర్గ్ కూడా మనవంటి ఉక్కు నగరమే. సంవత్సరం కూడా మన మొదటి ఫర్నేసు వెలిగిన సంవత్సరమే కావటం ఒక ముచ్చట. ఆయన తేల్చినదేమనగా, మనిషికి అసంతృప్తి కలిగించే కారణాలు వేరు, సంతృప్తి కలిగించే కారణాలు వేరు. జీతం, పని పరిస్థితులు, నియమ నిబంధనలు, పైఅధికారి తీరు సరిగా లేకపోతే మనిషి బాధపడతాడు. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఆనందపడడు, బాధపడటం మానుతాడు, అంతే. ఆనందం కలిగేది వేరే వాటివలన: సాధించానన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, పనిలోని రసం, ఎదుగుదల. ఈ సిద్ధాంతాన్ని తరువాతివారు విమర్శించారు. మంచి జరిగితే తన గొప్ప అనీ, చెడు జరిగితే పైవారి తప్పు అనీ చెప్పటం మనుషులకు సహజమే కదా, ఆ సహజగుణాన్నే మీరు సిద్ధాంతం చేశారు అన్నారు. విమర్శలో బలం ఉన్నది. అయినా నాకు తోచేదేమంటే, పాఠశాల విషయంలో ఈ రెండు పట్టికలూ ఒకే గది దగ్గర కలుస్తాయి. పైఅధికారిగా ప్రిన్సిపాల్ మొదటి పట్టికలో ఉంటారు. రెండవ పట్టికలోని గుర్తింపు, బాధ్యత పంచిపెట్టేదీ ఆయనే. ఆ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో అన్నది అందుకే అంత ముఖ్యం.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. టౌన్‌షిప్ జీవితంలో ఒక చిక్కు ఉన్నది. నగరంలో పిల్లవాని తండ్రి ఎవరో ఉపాధ్యాయురాలికి తెలియదు. ఇక్కడ అందరూ అందరికీ తెలుసు. నా ఎనిమిదవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. వాని తండ్రి కర్మాగారంలో మావారి విభాగానికే పైఅధికారి. అర్ధ సంవత్సర పరీక్షలో ఆ కుర్రవానికి గణితంలో 100కు 31 మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రం మావారు టీ త్రాగుతూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవటమే నాకు ఎక్కువ భయం కలిగించింది. మరునాడు ఆ తండ్రిగారు ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి జవాబు పత్రం ప్రిన్సిపాల్‌గారి బల్లపైననే ఉన్నది. ఆవిడ అంతకు ముందే తెప్పించుకొని చదివారు.

"కూర్చోండి టీచర్‌గారూ" అని ముందు నాకు కుర్చీ చూపించారు. పిమ్మట ఆ తండ్రిగారితో, "ఈ పత్రం నేనూ చూశాను సార్. దిద్దినవిధం సరిగానే ఉన్నది. బాబుకు బీజగణితంలో పునాది బలహీనంగా ఉన్నది. ఏం చేయాలో మేడమ్ చెబుతారు, వినండి" అన్నారు. ఆయన వినవలసి వచ్చింది. విన్నారు కూడా. ఆయన వెళ్ళిపోయిన తరువాత ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, నాలుగవ ప్రశ్న చూపించారు. "ఇక్కడ పద్ధతి సరిగానే ఉన్నదమ్మా, చివరి కూడికలో తప్పు పోయాడు. రెండు మార్కులు ఇవ్వవలసినది. రిజిస్టరులో సరిచేయండి" అన్నారు.

నలుగురిలో నన్ను నిలబెట్టారు, ఒంటరిగా ఉన్నపుడు నన్ను దిద్దారు. ఆవిడ గణితం ఉపాధ్యాయిని కాదు, చరిత్ర చెప్పేవారు. ఆ పత్రం చదవటానికి ఎంతసేపు పట్టి ఉంటుందో నేను ఊహించగలను. కుర్రవానికి 33 వచ్చాయి. సంవత్సరాంతానికి 58 వచ్చాయి. మావారికి ఏ ఇబ్బందీ కలుగలేదు. నాకు ఆ తరువాత కొన్నేళ్ళపాటు బడికి వెళ్ళే దారి దగ్గరైనట్లు అనిపించేది.

ఇందుకు భిన్నమైన అనుభవాలూ ఉన్నాయి. అవి వేరు ఊళ్ళలో, వివాహానికి ముందు, చిన్న చిన్న ఉద్యోగాలు చేసిన రోజులనాటివి. ఏ ఊరు, ఏ బడి అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఒకచోట ప్రధానోపాధ్యాయులవారు గేటు దగ్గర గడియారం చేతబట్టి నిలబడేవారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే హాజరు పట్టీలో ఎర్ర సిరా పడేది. అది తప్పని అనను. తరగతి జరుగుతుండగా లోపలికి వచ్చి పిల్లల ఎదుట మమ్మల్ని తప్పుపట్టటం మాత్రం ఈనాటికీ మరువలేను. మరొకచోట పెద్దమనిషి చాలా మంచివారు. ఎవరిని ఏమీ అనేవారు కారు. సెలవు అడిగితే సరే, అడగకపోయినా సరే. "మీ ఇష్టం అమ్మా" అన్నదే ఆయన మంత్రం. రెండు నెలలకే ఆ బడిలో పనిచేసేవారు నలుగురు, పని తప్పించుకొనేవారు పదిమంది అయ్యారు. మొదటి ఆయనను తిట్టుకుంటూ పనిచేశాను. రెండవ ఆయనను మెచ్చుకుంటూ ఉద్యోగం మానివేశాను.

ఈ మూడు రకాల నాయకత్వాన్నీ కుర్ట్ లెవిన్, ఆయన శిష్యులు లిపిట్, వైట్ అనువారు 1930ల చివర అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూశారు. పదేళ్ళ వయస్సు బాలురను చిన్న చిన్న బృందాలుగా చేసి, ముఖానికి తొడుక్కొనే మాస్కులు తయారుచేయటం వంటి పనులు ఇచ్చారు. ఒక నాయకుడు అన్నీ తానే ఆజ్ఞాపించాడు. ఒకడు పిల్లలతో ఆలోచించి నిర్ణయించాడు. ఒకడు ఏమీ పట్టించుకోలేదు. ఆజ్ఞాపించే నాయకుని క్రింద పని ఆగలేదు, బాగానే సాగింది. ఆయన గది వదిలి బయటకు వెళ్ళగానే పని కుంటుపడింది, పిల్లలు ఒకరిపై ఒకరు విరుచుకుపడ్డారు. ఆలోచించి నడిపిన నాయకుడు బయటకు వెళ్ళినా పని అలాగే సాగింది. దీనిని చదివినపుడు నాకు నవ్వు వచ్చింది. ప్రిన్సిపాల్‌గారు మీటింగుకు వెళ్ళిన రోజున ఏ బడి ఎలా ఉంటుందో ఏ ప్యూనును అడిగినా చెబుతాడు. దానికి అయోవా వరకు వెళ్ళనక్కరలేదు.

నన్ను నిజంగా ఆలోచింపజేసినది మరొక అధ్యయనం. ఆండ్రూ హాల్పిన్, డాన్ క్రాఫ్ట్ అను ఇద్దరు 1960ల మొదట్లో 71 ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి, పాఠశాల వాతావరణాన్ని ఆరు తరగతులుగా విభజించారు. మన దేశంలో మోతీలాల్ శర్మగారు ఆ ప్రశ్నావళిని మన బడులకు తగినట్లు మార్చారు. దానిని ఆధారం చేసుకొని మన విశ్వవిద్యాలయాలలో ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఆ ఆరింటిలో అన్నిటికంటె పైన ఉన్నది అరమరికలు లేని వాతావరణం. అన్నిటికంటె క్రింద ఉన్నది తలుపులు మూసుకున్న వాతావరణం. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. ఆశ్చర్యమేమంటే, ఆ అట్టడుగుకు ఒక్క మెట్టు పైన వారు ఉంచినది తండ్రివంటి ప్రిన్సిపాల్ ఉన్న పాఠశాలను. గీత గీసినట్లు పని చేయించే కఠినమైన బడి కూడా దానికంటె పైన నిలిచింది.

మనకు ఇది మింగుడుపడదు. తెలుగువారి ఇండ్లలో పెద్దరికం అంటే గౌరవం. "ఆయన మాకు తండ్రివంటివారు" అన్నది పదవీ విరమణ సభలలో మనం చేసే అతి పెద్ద పొగడ్త. ఆ మాటలో అబద్ధం లేదు. అటువంటివారు కొందరిని నేనెరుగుదును. ప్రతి బీరువా తాళంచెవి వారి జేబులోనే ఉంటుంది. ప్రయోగశాలలో పరీక్షనాళిక పగిలినా వారే స్వయంగా వెళ్ళి తెస్తారు. ఎవరి ఇంట పెళ్ళి అయినా ముందు వారే ఉంటారు. వార్షికోత్సవ నాటకంలో పాత్రలను వారే ఎంపిక చేస్తారు, చివరికి తెర కూడా వారే లాగుతారు. ఇంతటి ప్రేమమూర్తి దగ్గర అసంతృప్తి ఎందుకు? ఎందుకంటే, ఇరవై ఏళ్ళ సర్వీసు చేసి, తలలు నెరిసిన ఉపాధ్యాయులు ఆయన దగ్గర పిల్లలుగానే మిగిలిపోతారు. ఆయన పదవీ విరమణ చేసిన మర్నాడు బీరువా ఎలా తెరవాలో ఎవరికీ తెలియదు. వారిలో పనిచేసే చేతులున్నాయి గాని, "ఇది నా బడి" అనే ధైర్యం ఎండిపోయింది.

అలాగని హాల్పిన్, క్రాఫ్ట్‌ల వరుసను నేను పూర్తిగా ఒప్పుకోను. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారిని ఆంధ్రదేశం గురువుగానే కాక తండ్రిగానూ తలచింది. ఆడపిల్లలను, అంటరానివారన్న ముద్రపడిన కులాల పిల్లలను కళాశాలలో చేర్చుకొనే సాహసం ఆ రోజులలో ఆయనకు ఉండబట్టే, ఆయన పెద్దరికం ఇతరులను చిన్నబుచ్చలేదు. తండ్రి తనం రెండు రకాలు కాబోలు. ఒకటి చేయి పట్టుకొని నడిపిస్తుంది. రెండవది పిల్లవాడు నడవటం నేర్చిన తరువాత కూడా చేయి వదలదు.

పైనున్నవారు క్రిందివారిని ఒక ప్రశ్న అడగటం వలన ఎంత జరుగుతుందో చెప్పటానికి మన ఉత్తరాంధ్రలోనే ఉదాహరణ ఉన్నది. 1906-07 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అను ఆంగ్లేయుడు ఆ జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. ప్రజలు మాట్లాడే తెలుగు, పుస్తకంలోని తెలుగు ఇంత వేరుగా ఎందుకున్నాయని ఆయనకు సందేహం కలిగింది. అధికారి గనుక ఒక సర్క్యులర్ పంపి ఊరుకోవచ్చును. ఆయన అలా చేయలేదు. విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారును అడిగారు. అయ్యంగారుకు కూడా తానే జవాబు చెప్పి పేరు తెచ్చుకోవాలని బుద్ధి పుట్టలేదు. దీనికి తగిన జవాబు చెప్పగలవారు విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు అని దారి చూపారు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించిన రామమూర్తిగారు అప్పటికే పాతికేళ్ళ సర్వీసు ఉన్న ఉపాధ్యాయులు. సవరల భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించటానికి పాటుపడినవారు. ఆ ప్రశ్న ఆయనను కదిలించింది. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా వదలలేదు. ఈ వ్యాసం మీరు సులువుగా చదువగలుగుతున్నారంటే, తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఉపాధ్యాయుని తప్పులు వెదకటానికి బదులు అభిప్రాయం అడగటం కూడా అందుకు ఒక కారణం.

అడగటం అన్న విద్య మన ప్రభుత్వరంగ సంస్థలకు తెలియనిది కాదు. 1980లో హైదరాబాదు రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్.లో మన దేశపు మొదటి క్వాలిటీ సర్కిళ్ళు ఏర్పడ్డాయి. ఆపై ఉక్కు కర్మాగారాలకూ ఆ పద్ధతి వచ్చింది. యంత్రం దగ్గర పనిచేసేవానికే యంత్రం లోపం బాగా తెలుసునని, అతనిని అడిగితే పరిష్కారం దొరుకుతుందని అందరం ఒప్పుకున్నాం. మరి బడిలో స్టాఫ్ మీటింగు ఎలా జరుగుతుంది? పైనుండి వచ్చిన సర్క్యులర్ చదువుతారు. చదివిన తరువాత "ఎనీ డౌట్స్?" అంటారు. ఎవరికీ ఏ సందేహమూ ఉండదు. సమోసాలు వస్తాయి. ఏడవ తరగతిలో సగం మందికి భిన్నాలు రావటం లేదని ఆ గదిలో కనీసం ముగ్గురికి తెలుసు. అడిగినవారు లేరు గనుక చెప్పినవారు లేరు. భర్త షాపులో కూర్చొని క్వాలిటీ సర్కిల్‌లో సలహా ఇచ్చి బహుమతి తెచ్చుకుంటాడు. భార్య బడిలో సంతకం పెట్టి సమోసా తిని వస్తుంది. ఇదేమి న్యాయమో ఆలోచించండి.

ఇంతవరకు చదివి, ప్రిన్సిపాల్ మంచివారైతే చాలు, అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. గత మూడు దశాబ్దాలలో కర్మాగారపు సిబ్బంది సంఖ్య బాగా తగ్గింది. టౌన్‌షిప్‌లో పిల్లలు తగ్గారు, బడులూ తగ్గాయి. చుట్టుప్రక్కల ప్రైవేటు పాఠశాలలు పెరిగాయి. అక్కడ పనిచేసే అమ్మాయిలకు నేను పైన చెప్పిన జీతం, క్వార్టరు, ఆసుపత్రి భరోసా లేవు. ఇల్లు గడవని జీతానికి చిరునవ్వు బదులు కాదు. రిచర్డ్ ఇంగర్‌సోల్ అను పరిశోధకుడు 2001లో అమెరికాలో ఉపాధ్యాయులు ఉద్యోగం ఎందుకు వదులుతున్నారో పరిశీలించినపుడు, అసంతృప్తితో వెళ్ళినవారు చెప్పిన కారణాలలో తక్కువ జీతం, పైవారి మద్దతు లేకపోవటం, నిర్ణయాలలో తమ మాటకు చోటు లేకపోవటం, పిల్లల క్రమశిక్షణ కలిసే కనిపించాయి. జీతం ప్రిన్సిపాల్ చేతిలో లేకపోవచ్చు. మిగిలినవి ఉన్నాయి.

మా వరుస క్వార్టర్లలో అటువంటి అమ్మాయి ఒకతె ఉన్నది. ఊళ్ళోని ఒక ప్రైవేటు పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతుంది. మొన్న ఒక ఆదివారం రాజీనామా ఉత్తరం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది, ఇంగ్లీషు తప్పులు చూడమని. తప్పులేమీ లేవు.

"జీతం కోసమా అమ్మా?" అని అడిగాను.

"జీతం తక్కువని చేరినపుడే తెలుసు కదా అక్కయ్యగారూ" అన్నది. కాసేపు ఊరుకొని మళ్ళీ అన్నది: "రెండేళ్ళయింది. మా ప్రిన్సిపాల్ సార్ ఒక్కసారి కూడా నా క్లాసుకు రాలేదండీ. తిట్టటానికైనా రాలేదు. నేను పాఠం బాగా చెబుతున్నానో, చెడగొడుతున్నానో ఆయనకు తెలియదు. నాకూ తెలియటం లేదు."

నేను ఆ ఉత్తరం మడిచి ఆమె చేతికి ఇచ్చి, ఇది ఇచ్చే ముందు ఇంకొక చిన్న కాగితం వ్రాయమన్నాను. పదవ తరగతికి కాంతి పరావర్తనం పాఠం ఫలానా రోజు ఫలానా పీరియడ్‌లో ప్రయోగంతో చెబుతున్నాను, దయచేసి వచ్చి వెనుక బెంచీలో కూర్చోవలసినదిగా కోరుతున్నాను అని. "వస్తారంటారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ పాఠం వచ్చే గురువారం. రాజీనామా ఉత్తరం ఇంకా ఆమె సంచీలోనే ఉన్నది. అద్దాలు, కొవ్వొత్తి మా ఇంటి నుండే పట్టుకుపోయింది.